ఒక సైగ ఎక్కువ

నా కొలువు చేతులతోటి మాట్లాడుడు.
సొహార్ పోర్టుల, నాలుగో యార్డుల
చూపుడువేలు పైకెత్తి గుండ్రంగ తిప్పితె
నాలుగు టన్నుల పైపు లేస్తది.
కిందికి తిప్పితె దిగుతది.
రెండు చేతులు కడుపు ముందట కలిపి పట్టుకుంటె
అన్నీ ఆగాలె, క్రేను, మనుషులు, కేకలు.
పైన అద్దాల డబ్బల గుల్ జమాన్,
కింద నేను, లింబాద్రిని.
ఆయన నోటికి నా పేరు తిరుగది.
లింబూ అంటడు, నిమ్మకాయను పిలిచినట్టు.

పందొమ్మిదేండ్లకు వచ్చింది నాకు.
"గంత తీపి ఏం తిన్నవురా" అన్నరు భీమ్‌గల్ బస్టాండుల.
తింటె రాలె.
ఒంట్లె ఒక మిల్లు మూతపడ్డది, అంతే.
అప్పటిసంది రోజుకు నాలుగు సూదులు.
మెడికల్ కాగితంల గడి ఉండె: ఏదన్న జబ్బు?
లేదు అని రాసిన.
అప్పు కాగితం మీద, దాని మీద
ఒక్కదినమే సంతకం పెట్టిన.

ఇన్సులిన్ మా పెద్ద మేనేజరు లెక్క,
ఏసీ లేనిది పనిచెయ్యదు.
క్యాంపు ఫ్రిజ్జుల తంకచ్చన్ మత్తిచేపల వెనుక ఉంటది.
యార్డుకు ఫ్లాస్కుల, తడిగుడ్డ చుట్టుకొని వస్తది.
ఐసు తాకితె చస్తది, ఎండ తాకితె చస్తది.
నాకు అట్ల చచ్చే వీలు లేదు.
కక్కూసుల పొడుచుకుంట.
ఒకసారి ఊడ్చే పిలగాడు చూసి
మత్తుమందు అనుకున్నడు,
మూడు దినాలు వాని కండ్లు తప్పించుకొని తిరిగిన.

ఆ దినం జూన్ ఎండ.
మధ్యాన్నం బందుకు ఇంక పావుగంట.
పైపు గాల్లె ఉంది.
ముందుగాల పెదవులు తిమ్మిరెక్కినయి,
తరువాత చెమట.
గల్ఫుల చెమటను ఎవలు గుర్తువడ్తరు?
అందరికీ కారుతది.
నాది సల్లగ ఉండె, గదే తేడా.
వేలు కిందికి తిప్పిన అనుకున్న.
అది వణికింది.
సైగల పుస్తకంల వణుకుడుకు అర్థం లేదు.

పైపు ఆగింది. నేను ఆపలె.
రేడియోల గుల్ జమాన్ గొంతు:
"లింబూ, నీ చెయ్యి నత్తి మాట్లాడుతున్నది."

ఇసుకల కూసున్న.
సక్కెర పొట్లం విప్పరాలె,
చేతులకు గ్లోవ్సులున్నయని యాదికి లేదు.
పండ్లతోటి చింపిన, సగం గడ్డంల పడ్డది.
మిషిన్ తీస్తె అంకె రాలె,
థర్మామీటర్ బొమ్మ వచ్చింది:
వేడి ఎక్కువున్నది, నాతోని కాదు.
దానికి ఉంది ఆ హక్కు.

పదకొండు నిమిషాలు
నాలుగు టన్నులను గాల్లె నిలవెట్టిండు ఆయన
నిండు కప్పుల చాయ్ తొణకనట్టు.

ఫోర్మన్ కాగితంల కారణం రాసిండు: గాలి.
ఆ దినం ఆకు కదలలె.
అక్కడ ఆకు ఉంటె గద.

రాత్రంత ఆ గాలి నా మంచం చుట్టు తిరిగింది.
పొద్దుగాల సేఫ్టీ ఆఫీసరు రోడెల్ కాడికి పోయి
అది గాలి కాదు, నేను, అన్న.
ఆయన పెన్ను మూత పెట్టిండు, తీసిండు, పెట్టిండు.
ఇరువై దినాలు స్టోర్ల నట్లు లెక్కవెట్టిచ్చిండ్రు.
ఓవర్‌టైం పైసలు పోయినయి.
ఇంటికి ఫోన్ల, పని తక్కువున్నదని చెప్పిన.
మళ్ల రానిచ్చిండ్రు
లిఫ్టు లిఫ్టుకు ముందట వేలు పొడుచుకోవాలె అని.
ఎన్ని నెలలు ఉంచుతరో తెల్వది.

ఇప్పుడు మా ఇద్దరి నడుమ ఒక సైగ ఎక్కువ ఉంది.
బొటనవేలు పోయి ఉంగరపువేలి కొసను రుద్దితె,
నేను రోజూ పొడుచుకునే తావును,
అయిదు నిమిషాలు ఇయ్యి అని.
గోడమీది చార్టుల ఆ బొమ్మ లేదు.

రంజాన్ల ఒక దినం, పదకొండు గంటలకు,
రుద్దకముందే పైనుంచి చెయ్యి కనవడ్డది.
గంత దూరంకెల్లి మొకం తెల్వది, చెయ్యే తెలుస్తది.
తెల్లారకముందుసంది గుటక నీళ్లు తాగని మనిషి
అయిదు వేళ్లు కలిపి నోటికాడికి తెచ్చిండు.
తిన్నవా?

కంటెయినర్ చాటుకు పోయి
బిస్కట్టు చప్పుడు రాకుండ నమిలిన.
ఖాళీ కొక్కెం ఊగుతున్నది.
ఈసారి నిజంగనే గాలి.